నూకాలమ్మ వినని పద్దెనిమిది చీలలు

"అమ్మ ఇన్నాదా?" అని సింహాచలం బావ అడిగాడు. "ఇన్నాది" అన్నాను. వినలేదు. ఆ రోజు నా చేతిలో ఉన్న పద్దెనిమిది కర్ర చీలల్లో ఒక్కటి కూడా వాళ్ళమ్మ నూకాలమ్మ చెవి దగ్గరికి వెళ్ళలేదు. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు.

పార్కులో వాగు మీదున్న పెంకుల వంతెనని విప్పి మళ్ళీ కడుతున్నారు కదా, ఆ వంతెనకి ఒకప్పుడు మరమ్మతు చేయించినవాణ్ణని, నాలుగు మంచి జ్ఞాపకాలు రాసిమ్మని పొద్దున్నే అక్కడ నడవడానికి వచ్చే మిత్రులు అడిగారు. మంచి జ్ఞాపకాలు ఉన్నాయి, రాస్తాను. కానీ వాటికంటే ముందు ఈ పద్దెనిమిది చీలల సంగతి రాయకపోతే మిగతాదంతా అబద్ధమే అవుతుంది.

వంతెన చూడనివాళ్ళ కోసం చెబుతాను. పెద్ద వంతెనేమీ కాదు. పార్కు మధ్యలోంచి సముద్రంలోకి పోయే గెడ్డ మీద ఇటు నుంచి అటు ముప్పై అడుగులు నడిస్తే అయిపోతుంది. అయితే దానికి ఇంటికున్నట్టు పైకప్పు ఉంది. టేకు స్తంభాలు, వాటి మీద దూలాలు, పైన ఎర్రటి బంగాళా పెంకు. రెండు పక్కలా చెక్క రెయిలింగు, దాన్ని ఆనుకుని కూర్చోవడానికి పొడవాటి బల్ల. వాన వస్తే పార్కులో ఉన్నవాళ్ళంతా అందులోకే పరిగెత్తేవాళ్ళు. ఎవరు కట్టించారో ఎవరికీ సరిగా తెలీదు. జమీందారని కొందరు, పోర్టు పనికొచ్చిన తెల్లదొర అని కొందరు. నాకు తెలిసిందల్లా అందులో ఇనుప మేకు ఒక్కటి కూడా లేదని. మన ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్ళు ఉంటుంది? అందుకే ఆ కట్టినవాళ్ళు చెక్కకీ చెక్కకీ మధ్య బెజ్జాలు వేసి, వాటిలోకి తుమ్మకర్ర చీలలు దిగ్గొట్టారు. బొటనవేలంత లావు, జానెడు పొడవు. తెప్పలూ పడవలూ కట్టే పద్ధతి అది.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు ఆ పార్కులో పనులు చూసుకునే ఉద్యోగం వచ్చింది. మాది తగరపువలస అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో జీతం మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. పార్కుకి నడిచి వెళ్ళేంత దూరంలో గది వెతుక్కుంటూ సముద్రం ఒడ్డున జాలర్ల వీధిలో తేలాను. ఆ ఇల్లు సింహాచలం బావది. బావ అని పిలవడం చుట్టరికం వల్ల కాదు, గదిలో దిగిన రోజే "ఏటి బావా, ఒక్కడివే వచ్చినావా, పెట్టీ బేడా నేదా?" అని ఆయన మొదలుపెట్టాడు, నేను కొనసాగించాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. పడవలు కట్టే వడ్రంగి. ఆయన తండ్రిదీ అదే పని. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఉలీ బాడిసా సింహాచలానివి, చెవి మాత్రం ఆయన తల్లి నూకాలమ్మది.

చెవి అంటే చెప్పాలి. తుమ్మకర్ర కోసి చీలలు చెక్కిన వెంటనే వాటిని దిగ్గొట్టకూడదు. పచ్చి చీల కొట్టిన రోజు బాగానే బిగుస్తుంది, నాలుగు నెలలకి ఎండి సన్నబడి బెజ్జంలో ఆడుతుంది. బాగా ఎండిన చీలయితే చెక్కలోకి వెళ్ళాక గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది, ఇక గొడ్డలితో కొట్టినా రాదు. అందుకని వాళ్ళింట్లో పొయ్యి మీద వెదురు తట్ట ఒకటి వేలాడేది. అందులో ఒక పక్క ఎండు మెత్తళ్ళు, ఇంకో పక్క చీలలు. సరుగుడు కర్రల పొగ రెండింటికీ సమానంగా తగిలేది. నెలలు నెలలు. సాయంత్రం చేపల బుట్ట ఖాళీ చేసుకుని కంచరపాలెం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నూకాలమ్మ వాకిట్లో కూర్చునేది. ఒళ్ళో చీలలు. రెండు చేతులతో రెండు తీసుకుని కుడి చెవి దగ్గర టక్కున కొట్టేది. ఎండినదయితే గాజు గ్లాసు అంచు తగిలినట్టు సన్నగా మోగేది. పచ్చిదయితే మొద్దుగా, గోనెసంచీ మీద గుద్దినట్టు. నాకు చాలాసార్లు రెండూ ఒకలాగే వినబడేవి. ఆమెకి కాదు. ఆ కొట్టేటప్పుడు వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే "ఒలే, నోర్ముయ్యండే, సీలలు ఇంతన్నాను" అని కసిరేది. కోడలు పైడితల్లి కూడా అప్పుడు గిన్నెలు తోమడం ఆపేసేది. ఆ వీధిలో పడవ కట్టుకునేవాళ్ళంతా తమ చీలలు తెచ్చి ఆమె ఒళ్ళో పోసేవాళ్ళు. 'నూకాలమ్మ ఇన్న సీల' అంటే ఇక మాట లేదు. సింహాచలం బావ అయితే తల్లి విన్న చీలని మళ్ళీ పరీక్షించేవాడే కాదు. అది ఆయనకి అవమానం చేసినట్టు అనిపించేది.

నా చొక్కాలన్నిటికీ ఆ పొగ వాసనా మెత్తళ్ళ వాసనా పట్టేసేవి. నెలకోసారి ఊరెళితే మా అమ్మ గుమ్మంలోనే "ఏట్రా ఈ కంపు, ఆపీసులో పని సేత్తన్నావా, సేపలు పట్టతన్నావా?" అనేది. ఆ మాట నూకాలమ్మకి చెబితే పడిపడి నవ్వింది. "మీ అమ్మకి సెప్పు, మా ఇంటి పొగ తాగినోడు గట్టిపడతాడని" అంది. అప్పటినుంచీ నన్ను ఏడిపించాలంటే నా బుర్ర మీద చూపుడువేలు మడిచి కొట్టి, చెవి పెట్టి విని, "ఇంకా పచ్చే" అని తీర్పు చెప్పేది. పొద్దున్న నేను టిఫిను తినకుండా వెళితే పైడితల్లితో నా వెనకాల చద్దన్నం గిన్నె పంపేది. జ్వరం వస్తే మిరియాల చారు. నేను అద్దెకున్నవాణ్ణని ఆ ఇంట్లో ఎవరికైనా గుర్తుండేదో లేదో నాకు తెలీదు.

వంతెనకి ఎడమపక్క రెయిలింగు పుచ్చిపోయిందని ఆఫీసులో తేలినప్పుడు, బావ పేరు చెప్పింది నేనే. మా పై అధికారి ఇనుప బోల్టులు వేయిద్దామన్నాడు. నేను పట్టుబట్టి, పాత పద్ధతిలోనే చీలలతో చేయిస్తానని ఒప్పించాను. ఆ గొప్ప నాకు కావాలి. బావ కూడా సంబరపడ్డాడు. "పడవంటే సముద్రంలోకి పోద్ది, మనం సేసిన పని మనకి కనపడదు. ఇదైతే మా పిల్లలు కూడా సూస్తారు" అన్నాడు. కొత్త టేకు చెక్కలు వచ్చాయి, పని మొదలైంది. ఇంతలో ఎవరో పెద్దవాళ్ళు వంతెన చూడటానికి వస్తున్నారని ఆఫీసులో రోజు ఖాయం చేసేశారు. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది.

ఆ ముసురులో తట్టలోని చీలలు సరిగా ఎండలేదు. నూకాలమ్మ ఒక్కొక్కటే విని మంచివి ఇస్తూ వచ్చింది. చివరికి పద్దెనిమిది మిగిలాయి. వాటిని చేత్తో తడిమి చూసి, చెవి దాకా తేకుండానే తాడుతో కట్టి తట్టలో ఒక మూలకి నెట్టేసింది. "ఇవి పచ్చిగున్నాయి. ఇంకో నెల పొగ తాగినాక ఇంతాను" అంది. పెద్దవాళ్ళు రావడానికి రెండు రోజులుంది. మా అధికారి ఉదయం సాయంత్రం వంతెన దగ్గరికొచ్చి గడియారం చూసుకుంటున్నాడు. బోల్టులు వద్దన్నవాణ్ణి నేను. ఆ మధ్యాహ్నం బావ వంతెన మీద నుంచి, "ఇంకా పద్దెనిమిది కావాల బావా, అమ్మ ఇన్నవి ఏమన్నా ఉంటే ఒకసారి ఎల్లి సూడు" అని నన్ను పంపాడు. ఇంటికెళ్ళాను. నూకాలమ్మ బుట్టెత్తుకుని వెళ్ళిపోయింది. పైడితల్లి కుళాయి దగ్గరుంది. పొయ్యి మీద తట్టలో బావ ఆ పొద్దున్నే చెక్కి పోసిన కొత్త చీలలు నిండుగా ఉన్నాయి, వాటి వెనక మూల ఆ కట్ట. దాన్ని విప్పి, తాడు పొయ్యిలో వేసి, చీలలు చేతిలోకి తీసుకున్నాను. తట్ట నిండుగానే కనపడుతోంది.

బావ అడిగాడు, నేను చెప్పాను. ఆ ముక్క మొదటే రాశాను. నాలుగో చీలో అయిదో చీలో కొడుతూ ఆయన చెయ్యి ఆపి, "మెత్తగా దిగుతందేటి బావా?" అన్నాడు. "వాన గాలి కదా" అన్నాను. తల్లి విన్న చీల కనక ఆయన ఇంకేం అడగలేదు.

పెద్దవాళ్ళు వచ్చారు, వంతెన మీద నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. మా అధికారి నా భుజం తట్టాడు. ఎండాకాలం వచ్చింది. రోజూ సాయంత్రం ఆ బల్ల మీద కూర్చుని పదిమందికి రాజకీయాలు చెప్పే ఒక రిటైరైన మేష్టారు ఉండేవారు. ఒకనాడు ఆవేశంగా వెనక్కి వాలారు. రెయిలింగు ఊడి, ఆయన గొడుగుతో సహా గెడ్డలో పడ్డారు. మోకాలి లోతు బురదే. లేచి నిలబడి అక్కడినుంచే ఉపన్యాసం పూర్తి చేశారని తర్వాత జనం నవ్వుకున్నారు గానీ, ఆయన మణికట్టు విరిగింది. మూడు నెలలు కట్టు. రెయిలింగు కింద గెడ్డలో చీలలు తేలుతున్నాయి. ఆఫీసులో నన్ను జరిగింది రాసిమ్మన్నారు. "చీలలు సరిగా ఎండలేదని తేలింది" అని రాశాను. ఆ వాక్యంలో తప్పు లేదు. ఆ వాక్యంలో నేనూ లేను. ఊడినచోట బోల్టులు వేయించారు, సింహాచలాన్ని ఇక ఆ పార్కులో పనికి పిలవలేదు.

అది కూడా ఎలాగో మర్చిపోయేవాణ్ణేమో. మర్చిపోలేనిది మేష్టారు పడిన ఆ సాయంత్రం. నేను వాళ్ళ వసారాలో అన్నం తింటున్నాను. బావ గెడ్డలో ఏరుకొచ్చిన చీల ఒకటి తల్లి ముందు పెట్టి, "ఇది నువ్వే గదా ఇన్నావు?" అన్నాడు. ఆమె దాన్ని తుడిచి, ఇంకో చీలతో చెవి దగ్గర కొట్టింది. అప్పటికి నెలల తరబడి కప్పు కింద ఎండాకాలం గాలికి అది బాగా ఎండింది. ఆ సాయంత్రం గెడ్డనీళ్ళు పైపైన తడిపాయంతే. కణకణ మోగింది.

"బాగానే ఉంది గదరా" అంది.

"ఇప్పుడు బాగానే ఉంటాది. కొట్టిన్నాడు పచ్చిది. నీకు ఇనపడనేదు. నీ సెవి పోనాదమ్మా. సెవి పోనాదని సెప్పొచ్చు గదా! ఒక మడిసి సెయ్యి ఇరిగిపోనాది."

బావ తల్లితో గొంతు పెంచి మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. నూకాలమ్మ ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు పొయ్యి వైపు చూసింది. "మూలకి ఎట్టినాను గదా..." అంది. మళ్ళీ, "ఎట్టినానా?" అని తనని తనే అడుగుతున్నట్టు అంది. తర్వాత నా వైపు చూసింది. నన్నేదో అనుమానించి కాదు. ఇంట్లో మనిషిని కాబట్టి, నేనేమైనా గుర్తు చేస్తానేమోనని. నేను కంచంలోకి చూశాను. మెత్తళ్ళ పులుసు. ముద్ద కలుపుతూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆమె చీలలు ముట్టుకోలేదు. వీధివాళ్ళు ఒకరిద్దరు మొహమాటానికి తెచ్చారు. "నా సెవి బాగోనేదు, ఇంకెవులి సేతైనా ఇనిపించుకోండి" అని పంపేసింది. మెల్లగా తేవడం మానేశారు. సాయంత్రం వాకిట్లో ఉత్త చేతులతో కూర్చునేది. నా బుర్ర మీద కొట్టి వినడం కూడా మానేసింది. ఏడాది తిరక్కుండా నాకు వేరే చోటికి బదిలీ అయింది. నేనే అడిగి చేయించుకున్నాను. వెళ్ళే రోజు ఆమె ఎండు మెత్తళ్ళ పొట్లం నా సంచీలో పెట్టింది. "మీ అమ్మ తిడతాదేమో, దాసుకుని తిను" అంది.

మళ్ళీ ఈ ఊరికే వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, పిల్లల్ని చదివించుకున్నాను. ఊరు నాలుగు దిక్కులా పెరిగిపోయింది. అటు ఉక్కు ఫ్యాక్టరీ దాటి పరవాడ దాకా, ఇటు మా తగరపువలస దాకా. ఒడ్డున ఇప్పుడన్నీ ఫైబరు పడవలు, వాటికి చీలలతో పనిలేదు. పార్కులో రంగుల లైట్లొచ్చాయి. నేను పార్కుకి వెళ్ళినా, వంతెన ఎక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. మోకాళ్ళకి నడక మంచిదని మా ఆవిడతో చెప్పేవాణ్ణి.

కిందటి నెల వంతెన విప్పుతున్న కుర్ర ఇంజనీరు పాత కాగితాల్లో నా సంతకం చూసి ఫోన్ చేశాడు. వెళ్ళాను. బోల్టులు వేసినచోట ఇనుము పొరలు పొరలుగా రాలిపోయి, చుట్టూ ఉన్న టేకుని కూడా తినేసింది. దాని పక్కనే, అదే రెయిలింగులో, మా పనినాటి మిగతా చీలలు ఉన్నాయి. "సార్, ఇవి రావట్లేదు సార్. సుత్తితో కొడితే సుత్తి ఎగురుతోంది. డ్రిల్లు పెట్టి తీస్తున్నాం. ఎవరు చేశారు సార్ వీటిని?" అన్నాడు. విడిపోయిన చెక్కలోంచి చెక్కుచెదరకుండా బయటపడ్డ చీల ఒకటి నా చేతిలో పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా, ముక్కు దగ్గర పెట్టుకుంటే, పొగ వాసనేమో అనిపించింది. అది నా భ్రమే కావచ్చు. ఆ చీల జేబులో వేసుకుని తిన్నగా జాలర్ల వీధికి నడిచాను.

ఇల్లు శ్లాబు ఇల్లయింది. వసారా మాత్రం ఉంది. సింహాచలం బావ జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి, "ఓర్నాయనో, బావే! ఏటి దారి తప్పినావా?" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. టీ వచ్చింది. అది చల్లారేలోగా మొత్తం చెప్పేశాను. ముసురు, మూలనున్న కట్ట, పొయ్యిలో వేసిన తాడు, అన్నీ. ఆయన తన గ్లాసు కింద పెట్టాడు.

"ఆ రోజు నాను మా అమ్మని ఏటన్నానో నీకు గేపకం ఉందా?"

"ఉంది బావా."

"నాకూ ఉంది" అన్నాడు. "తిడదామనుంది నిన్ను. తరవాత తిడతాను. ముందు లోపలికి రా. నాకు సెప్పితే సరిపోదు."

నూకాలమ్మ కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటింది. పిడికెడయిపోయింది. కిటికీ అవతల వీధి, కుళాయి దగ్గర ఆడవాళ్ళు. "ఎవులూ?" అంది. "రమణ బాబమ్మా! మన గదిలో ఉండీవోడు!" అని బావ అరిచాడు. ఇప్పుడు ఆమెకి నిజంగానే చెవుడు. ముఖం విప్పారింది. చెయ్యి చాచి నా బుర్ర తడిమింది. ఆమె పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టాను. "ఏటంతన్నాడూ?" అని కొడుకుని అడిగింది. బావ వైపు చూశాను, నువ్వు చెప్పు అన్నట్టు. తల అడ్డంగా ఊపాడు. "నీ నోటితోనే. గట్టిగా."

గొంతు పెంచాను. వంతెన చీలలని అన్నాను. పద్దెనిమిదని అన్నాను. నువ్వు లేనప్పుడు వచ్చి పట్టుకుపోయానని అన్నాను. కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి.

నూకాలమ్మ కళ్ళు చికిలించి నన్ను చూసింది. "నాను మూలకెట్టిన కట్టా?"

"అదేనమ్మా."

"ఎట్టినాను! మూలకి ఎట్టినాను!" అంది, కొడుకు వైపు తిరిగి. "తాడుతో కట్టి మరీ ఎట్టినాను. ఎట్టినానా, నేదా అని ఇన్నాళ్ళూ..." బావ గోడ వైపు తిరిగిపోయాడు.

జేబులో చీల తీసి ఆమె చేతిలో పెట్టి, ఇది నువ్వు విన్నదేనమ్మా, ఇప్పటికీ రావట్లేదట అని అరిచాను. ఆమె దాన్ని వేళ్ళతో తిప్పి చూసింది. తర్వాత ఒక కొస దవడ ఎముకకి ఆనించుకుని, రెండో కొస మీద చేతి కడియంతో తట్టి, కళ్ళు మూసుకుంది. ఇంకోసారి తట్టింది. "మోగతంది" అంది. ఆ తర్వాత చూపుడువేలు మడిచి నా బుర్ర మీద గట్టిగా ఒకటి ఇచ్చింది. నొప్పి పుట్టింది.

"ఆ సెప్పింది మళ్ళీ సెప్పు" అంది, కిటికీ వైపు చూపిస్తూ. "ఆ కుళాయి కాడోలందరికీ ఇనపడాల. అప్పుడు నా సెవి పోనాదని ఊరంతా అన్నారు."

ఇంట్లోగానీ ఆఫీసులోగానీ నేనెప్పుడూ అరిచినవాణ్ణి కాదు. లేచి కిటికీ ఊచలు పట్టుకున్నాను. చదువూ ఉద్యోగమూ నేర్పిన భాష ఏదీ నోటికి రాలేదు.

"అమ్మా! ఆ పద్దెనిమిది సీలలూ నీ సెవి దాకా రానేదు! నీ సెవికేటీ అవనేదు, అబద్దమాడింది నాను! తప్పయిపోనాది, నన్ను చెమించమ్మా!"